మట్టిగాజులతో మంచు ఖండానికి

2024 జనవరి. అర్జెంటీనా దక్షిణపు కొసన ఉన్న ఉషువాయా రేవు నుంచి అంటార్కిటికాకు బయల్దేరిన ఓడలో ఇరవైమంది తెలుగువాళ్లకు నేను టూర్ మేనేజర్‌ని. అదేదో పెద్ద ఉద్యోగమని మా బంధువులు అనుకుంటారు. పాస్‌పోర్టులు పోకుండా చూడటం, మాత్రలు వేసుకున్నారా అని అడగటం, సూపులో ఏ మాంసం పడిందో వంటవాళ్లను కనుక్కొచ్చి చెప్పటం, ముప్పాతిక భాగం ఇదే పని. నరసరావుపేటలో నాకు చిన్న ట్రావెల్స్ ఆఫీసు ఉంది. కాశీ, రామేశ్వరం, ఉమ్రా ప్రయాణాలు, అప్పుడప్పుడు దుబాయ్ వీసాలు చూస్తుంటాను. ధ్రువప్రాంతాలకు జనాన్ని తీసుకెళ్లే హైదరాబాదు కంపెనీ ఒకటి సీజన్‌లో నన్ను పిలుస్తుంటుంది. అంతకుముందు రెండుసార్లు ఆ మంచులోకి వెళ్లొచ్చాను కాబట్టి నాకు అన్నీ తెలుసనుకున్నాను.

ఇలాంటి ప్రయాణాన్ని ఎక్స్‌పెడిషన్ క్రూజ్ అంటారు. మామూలు విహార నౌకలో ఉండే డాన్సులు, దుకాణాలు ఇందులో ఉండవు. చిన్న ఓడ. రేవు లేని చోట ఆగుతుంది. అక్కడినుంచి జోడియాక్ అనే మోటారు బిగించిన రబ్బరు పడవల్లో పదేసి మందిని ఒడ్డుకు చేరుస్తారు. దిగి పెంగ్విన్లను, సీళ్లను, మంచుకొండలను చూసి రావటాన్ని ల్యాండింగ్ అంటారు. దానికి బోలెడన్ని నియమాలు. బట్టల్లో గడ్డిగింజ ఉండకూడదు, బూట్లకు మట్టి ఉండకూడదు, ఒడ్డున ఏదీ తినకూడదు, ఏదీ పారేయకూడదు, పెంగ్విన్‌కు దగ్గరగా పోకూడదు. దీన్నంతా కలిపి బయోసెక్యూరిటీ అంటారు. అంటే మన ఊరి పురుగూ పుట్రా అక్కడికి చేరకుండా చూసుకోవటం.

ఆ ఇరవైమందిలో మా వైపువాళ్లు ఇద్దరే. రొంపిచెర్ల దగ్గర మిరప, పత్తి వేసే నాగేశ్వరరావు బాబాయ్, ఆయన భార్య కోటేశ్వరమ్మ పిన్ని. చుట్టరికమేమీ లేదు. మా నాన్న గాజుల దుకాణానికి పిన్ని పెళ్లికాక ముందునుంచీ వచ్చేది, అలా వరస కలిసింది. అంతకు ముందు ఏడాది బాబాయ్‌కి గుండె ఆపరేషన్ అయింది. మంచం మీద ఉన్నన్నాళ్లూ ఇద్దరూ టీవీలో జంతువుల కార్యక్రమాలు చూశారట. పెంగ్విన్లు కనపడ్డప్పుడల్లా పిన్ని పనులు మానేసి కూర్చునేదట. "నేను లేచి తిరిగితే నిన్ను అక్కడికే తీసకపోతా" అని బాబాయ్ మాటిచ్చాడు. లేచి తిరిగాడు. గుండె డాక్టరు సరేనన్నాడు, ఓడ డాక్టరు కూడా ఒప్పుకున్నాడు. ఊళ్లో నవ్వినవాళ్లు నవ్వారు. ఇద్దరూ పట్టించుకోలేదు.

డ్రేక్ పాసేజ్ అనే కల్లోల సముద్రాన్ని దాటటంలో బాబాయ్ వాంతులతో సగమయ్యాడు. పిన్ని మాత్రం దిట్టంగా ఉంది. తెచ్చుకున్న గోంగూర పచ్చడితో అన్నం కలుపుకొని, బాబాయ్‌కి మజ్జిగ పట్టించి, మిగిలిన టైములో కిటికీ దగ్గర కూర్చునేది. మొదటి ల్యాండింగ్ ఒక దీవి మీద. ఎర్ర కోట్లు, రబ్బరు బూట్లు, లైఫ్‌జాకెట్లు వేసుకుని అందరం ఓడ పక్కనున్న మెట్లమీద బారుగా నిలబడ్డాం. మెట్ల చివర జోడియాక్ అలలకు లేస్తూ పడుతూ ఉంటుంది. అందులోకి దిగేటప్పుడు నావికుడూ మనమూ ఒకరి ముంజేయి ఒకరం గట్టిగా పట్టుకోవాలి. వేళ్లు పట్టుకుంటే జారిపోతాయి. దాన్ని సెయిలర్స్ గ్రిప్ అంటారు.

పిన్ని చెయ్యి చాపింది. నావికుడు పట్టుకున్నాడు. వెంటనే వదిలేసి, ఆమెను మెట్టుమీదే ఆపి, కోటు చెయ్యి పైకి జరిపాడు. లోపల ఆకుపచ్చ మట్టిగాజులు, చేతికి డజను, చర్మానికి అంటుకుపోయినట్టు బిగుతుగా ఉన్నాయి.

ఎక్స్‌పెడిషన్ లీడర్ వచ్చింది. ఒడ్డుకు ఎవరు దిగాలో, ఎవరు దిగకూడదో తేల్చే అధికారి ఆమె. పేరు ఇంగ్రిడ్. నవ్వు ముఖమే గానీ మాట ఖరాఖండీ. "అల లేచినప్పుడు ఇద్దరి బరువూ ఈ మణికట్టు మీదే పడుతుంది. గాజు పగిలితే నరం తెగుతుంది. పెద్ద ఆసుపత్రి సముద్రానికి అవతల ఉంది. ముక్క ఒడ్డున పడితే ఏ పెంగ్విన్ కాలికో గుచ్చుకుంటుంది. తీసేసి రమ్మను" అంది.

నేను పిన్నికి చెప్పాను. "తియ్యను" అంది పిన్ని. అంతే. వెనక్కి తిరిగి మెట్లెక్కింది. వెనకే ఉన్న బాబాయ్ కూడా తిరిగాడు. "మీరు వెళ్లండి బాబాయ్" అంటే, "నాకూ చలిగానే ఉందిలే" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ప్రయాణానికి ముందు మీటింగు పెట్టి, ఒంటిమీద నగలు వద్దని తెలుగులో, విడమరచి చెప్పాను. తర్వాత వెలిగింది నాకు. పిన్ని నా మాట అక్షరాలా పాటించింది. చంద్రహారం, బంగారు గాజులు, చెవి దిద్దులు అన్నీ బ్యాంకు లాకర్లో పెట్టి, మెళ్లో పసుపుతాడు మాత్రం ఉంచుకుని వచ్చింది. మా వైపు నగలంటే బంగారమే. మట్టిగాజులు ఎవరూ నగల్లో కలపరు, అవి చేతిలో భాగం. చెప్పిన నేను, గాజుల దుకాణంలో పుట్టినదాన్ని, నాకూ ఆ సంగతి తట్టలేదు.

మిగతావాళ్లు దీవి చూసొచ్చేదాకా పిన్ని డెక్ మీద బైనాక్యులర్స్ కళ్లకు ఆనించుకుని నిలబడే ఉంది. పక్కన చేరాను.

"కనపడతన్నాయా పిన్నీ?"

"చీమల్లాగా కనపడతన్నాయి. నడుస్తా ఉండాయి."

"రేపు దిగేది అసలు ఖండం మీద. మళ్లీ వాతావరణం ఎట్టా ఉంటదో తెలీదు. అదొక్కటే అవకాశం కావచ్చు. ఇంటికెళ్లాక మళ్లీ వేసుకుందువు గాని."

ఆమె బైనాక్యులర్స్ దించింది. "ఆయన ఐసీయూలో ఉన్నప్పుడు మా ఆడపడుచు వచ్చింది. నా ముఖం చూడలా. నా చేతులు చూసింది. ఎన్నాళ్లుంటాయా అన్నట్టు. నోటితో ఒక్క మాట అన్లేదు గానీ, ఆ చూపు నాకు నిద్రలో కూడా కనపడతది షకీలమ్మా. ఆయన ఇంటికొచ్చినాక కోటప్పకొండ తిరనాళ్లకు పోయి, ఊడకుండా బిగ్గా ఎక్కించమన్నా. మళ్లీ నా చెయ్యి బోసిగా ఎవరికీ కనపడకూడదు. నాకు కూడా."

నేను ఇంగ్రిడ్ దగ్గరకెళ్లి క్రేప్ బ్యాండేజీ చుడితే సరిపోదా అని అడిగాను. బ్యాండేజీ లోపల కూడా గాజు గాజే కదా అంది. కోపంగా కాదు, నిజంగానే ఆలోచించి చెప్పింది. మరి మెత్తటి దారమేదైనా చేతికి ఉంటే అభ్యంతరమా అంటే, దారానికేం, కట్టుకోమను అంది.

మా దుకాణంలో ఒక పద్ధతి ఉంది. పెళ్లయిన మనిషికి పాత గాజులు తీసి కొత్తవి వేసేటప్పుడు చేతిని ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉంచరు. పాతది ఒకటి ఉండగానే కొత్తది ఎక్కుతుంది. ఆ తర్వాతే ఆ చివరిది దిగుతుంది. మా నాన్న నమాజు చేసే మనిషే. ఈ పట్టింపు ఆయనది కాదు. అయినా ఏ గిరాకీకీ ఒక్కసారి కూడా తప్పలేదు. ఇంట్లో ఆడవాళ్లందరికీ నేర్పాడు, నాకూ నేర్పాడు. ట్రావెల్స్ పెట్టాక నేను ఆ పని మానేశాను.

సాయంత్రం వాళ్ల క్యాబిన్‌కు వెళ్లి చెప్పాను. "ముందు దారం కడదాం పిన్నీ. కట్టాకే ఒక్కొక్కటీ తీస్తా. చెయ్యి బోసిపోదు. పగలగొట్టను, తీస్తాను."

పిన్ని బాబాయ్ వంక చూసింది. ఆయన మంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. "నేను ఎదురుగా గుండ్రాయిలా కూకోనుంటే నీకు గాజుల మీద బెంగేందే?" అన్నాడు.

"గుండ్రాయిలా ఉండావా? రెండు రోజుల్నుంచి మజ్జిగ తప్ప మింగలా నువ్వు" అంది పిన్ని.

"అందుకే చెప్తన్నా. ఇంత దూరం వచ్చి వాంతులు చేసుకుంది నువ్వు కిటికీలోంచి చూడ్డానికి కాదు. పెంగ్విన్ల దగ్గరకు తీసకపోతానని మాటిచ్చింది నేను. గాజుల కోసం నన్ను మాట తప్పమంటావా? దారం ఇటియ్యి షకీలమ్మా, నేనే కడతా. తాళి కట్టినోణ్ణి, దారం కట్టలేనా?"

ఓడ నావికుల దగ్గర అడిగి తెచ్చిన నారింజరంగు సన్నటి తాడు ఆయన చేతికిచ్చాను. పత్తి మూటలకు వేసినట్టు ముడి మీద ముడి వేశాడు. రెండో చేతికి కూడా కట్టాడు. పిన్ని చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

బిగుతు గాజులు తీయటానికి సబ్బునీళ్లు, పల్చటి ప్లాస్టిక్ కవరు కావాలి. చేతికి కవరు తొడిగి, బొటనవేలి కింది కండను లోపలికి నొక్కిపెట్టి, గాజును కవరు మీదుగా జార్చాలి. లాగకూడదు, తిప్పుతూ రావాలి. తిప్పటంలో తేడా వస్తే చిట్లుతుంది. బాబాయ్ దేశం కాని దేశంలో, కోసి కుట్టిన గుండెతో ఉన్నాడు. ఆయనకు రేపు ఏదన్నా అయితే, గాజులు తీసింది నేనే అనుకోకుండా ఉండగలనా? నేనే ఉండలేను, ఇక పిన్ని సంగతి చెప్పాలా?

కుడిచేతివి అన్నీ వచ్చాయి. ఎడమచేతిలో సగం వచ్చాయి. ఆ తర్వాతది నా వేళ్లమధ్యే టప్‌మంది.

ముక్క దుప్పటి మీద పడింది. పిన్ని కళ్లు మణికట్టు మీదినుంచి నెమ్మదిగా పైకెత్తి బాబాయ్‌ని చూసింది. ఆయన తన ముంజేతిని తనే గట్టిగా గిల్లుకున్నాడు. "అబ్బా! నొప్పి పుడతంది. ఇంకా ఉండా. కానియ్ షకీలమ్మా, తర్వాతది తియ్" అన్నాడు.

పిన్నికి నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి ముఖం ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను. మిగిలినవి పగలకుండా వచ్చాయి. ఏరిన ముక్కలను కాగితంలో చుట్టి నేనే నా పెట్టెలో పెట్టుకున్నాను.

మర్నాడు గాలి లేదు. మెట్ల చివర అదే నావికుడు పిన్ని ముంజేయి పట్టుకున్నాడు. ఆమె కూడా అతని ముంజేతిని ఎద్దు పగ్గం పట్టినట్టు పట్టుకుని, రబ్బరు అంచు మీద అడుగేసి కూర్చుంది. బాబాయ్‌ని ఇద్దరు పట్టుకుని దింపారు. ఒడ్డు చేరాక మొదట అందరి ముక్కుకూ తగిలింది వాసన. పెంగ్విన్ల రెట్ట వాసన టీవీలో రాదు కదా. "మన నకరికల్లు కోళ్ల ఫారమే నయం" అన్నాడు బాబాయ్.

పిన్ని అదేమీ వినలేదు. గులకరాళ్ల గూళ్లలో బూడిదరంగు పిల్లలు, వాటి ముందు నోరు తెరిచి మేత కక్కుతున్న తల్లులు. పైన స్కువా అనే గోధుమరంగు పక్షి తిరుగుతోంది. మన గద్ద లాంటిదే. అది ఒక గూటి మీదికి వాలబోతే పిన్ని రెండు చేతులూ ఎత్తి "హుష్" అంది. ఇంగ్రిడ్ పరుగున వచ్చి చేతులు దించమని సైగ చేసింది. ఇక్కడ ఎవరి తరఫునా కలగజేసుకోకూడదు, అది నియమం. పిన్ని చేతులు దించి, లోపల లోపల ఆ పక్షిని తిడుతూ నిలబడింది. గూట్లోని తల్లి మెడ చాచి అరిస్తే స్కువా వెళ్లిపోయింది. పిన్ని ఊపిరి వదిలి, "నాకు చానా సంతోషంగా ఉంది షకీలమ్మా. ఇంత సంతోషం ఉంటదని తెలీదు" అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చలికేనని చెప్పాను.

ఈ వృత్తిలో నాకు ఆ ప్రయాణం ఒక విషయం నేర్పింది. ఇప్పుడు ప్రయాణానికి ముందు మీటింగులో నగలు తీసేయండి అని చెప్పను. మీ ఒంటి మీద తీయలేనిది ఏదైనా ఉందా అని ఒక్కొక్కరినీ విడిగా అడుగుతాను. ఒకాయన జందెం చూపించాడు, ఒకావిడ వాళ్లమ్మ కట్టిన తాయెత్తు. తీయాల్సి వస్తే బదులుగా ఏముంటే మీకు ధైర్యం అని రెండో ప్రశ్న అడుగుతాను. నియమాన్ని మార్చే అధికారం నాకు లేదు. మనిషికి దారి చూపటమే నా పని.

ఒడ్డునుంచి తిరిగొచ్చిన సాయంత్రం, సబ్బునీళ్లూ కవరూ పట్టుకుని వాళ్ల క్యాబిన్‌కు వెళ్లాను, గాజులు మళ్లీ ఎక్కిద్దామని. బాబాయ్ అలిసిపోయి నిద్రపోతున్నాడు. గురక తలుపు బయటికి వినిపిస్తోంది. పిన్ని తలుపు ఓరగా తెరిచి వేలు నోటిమీద పెట్టింది.

"ఉండనీలేమ్మా, రేపు కూడా దిగాలిగా" అంది. తర్వాత వెనక్కి తిరిగి మంచం వైపు చూసి మెల్లగా అంది: "మనిషి ఉండాడని తెలియడానికి, ఆ చప్పుడు చాల్లే నాకు."