పడవ మీద ఊగే గుంజ

నిన్న మా ప్రొద్దుటూరు ఇంట్లో స్నానాలగది గోడకు స్టీలు పిడి బిగించడానికి ప్లంబరు వచ్చాడు. అమ్మ మోకాళ్లు మొండికేసి ఏడాది దాటింది, తడి నేల మీద నిలబడాలంటే చేతికి ఏదో ఒక ఆసరా కావాలి. అతను గోడకు రంధ్రాలు పెట్టి, సంచిలోంచి పొడుగాటి గొట్టం తీసి, దాని ముక్కు కత్తిరించి తెల్లటి జిగురు లోపలికి నొక్కుతుంటే పుల్లటి ఘాటు వాసన ఒకటి వంటింటి దాకా వచ్చింది. నేను చిన్నప్పుడు ఎరిగిన వాసన అచ్చంగా ఇది కాదు గానీ దీనికి దగ్గరి చుట్టం. ఆ చుట్టం గల్ఫు నుంచి మా నాయన పెట్టెలో, అత్తరు సీసాలకూ వాళ్లమ్మకు, అదే మా జేజికి తెచ్చిన దుప్పటికీ మధ్య, గుడ్డలో చుట్టుకుని మా ఇంటికి వచ్చింది.

అప్పుడు మేం జమ్మలమడుగులో ఉండేవాళ్లం. అమ్మ గాజుల బుట్ట నెత్తిన పెట్టుకుని పల్లెలు తిరిగేది. మా ఇంట్లో ఏ మూల చూసినా గడ్డిలో పొదిగిన మట్టిగాజుల తోరణాలు, చిట్లిన గాజుముక్కలు. ఆ ముక్కలతోనే మా ఆటలు. పీర్ల పండగప్పుడు జేజి బెల్లం, సోంపు వేసి కాల్చే చోంగే రొట్టెలను పైటకొంగులో కట్టుకుని, ఎర్రముక్క పచ్చముక్క పందెం వేసుకుంటూ పొద్దు గుంకేదాకా వీధి అరుగు మీద కూర్చునేవాళ్లం. శ్రావణం వస్తే ఇంట్లో ఎవరికీ తీరికుండేది కాదు. శుక్రవారం నోములకు, పెండ్లిళ్లకు, సీమంతాలకు చేతులు చాపుకుని కూర్చునే ఆడవాళ్లలో సగం మంది మైలవరం జలాశయానికి అవతలి గట్టున ఉండేవాళ్లు.

కడప జిల్లాలో పడవేమిటని కాలేజీలో కోస్తా పిల్లలు నన్ను చూసి తెగ నవ్వారు. నవ్వితే నవ్వారు, మాకు పడవ ఉండేది. అదీ మామూలు పడవ కాదు, సముద్రం మీద తిరిగిన పాత తెరచాప పడవ. ఎవరో షోకులరాయుడు జనాన్ని షికారు తిప్పుదామని దాన్ని లారీ మీద తెచ్చి, ఏడాది తిరక్కుండానే చేతులెత్తేసి, మా ఊరి ఓబులేసు మామకు అమ్మేసి పోయాడు. ఓబులేసు మామ నవ్వితే ఆయన పొట్ట ముందు నవ్వేది. చిరిగిన తెరచాపకు షామియానా గుడ్డతో మాసికలు వేయించాడు. ఆషాఢంలో గాలి తిరగబడితే ఆ ఎర్రపచ్చ చారల తెరచాప ఎత్తేవాడు, మిగతా నెలల్లో డీజిలు ఇంజను. బస్సులు మారి చుట్టూ తిరిగి పోవాలంటే ఒక పూట పట్టే ఊర్లకు, పడవెక్కితే దోసెడు చెనిక్కాయలు ఒలుచుకు తినేలోపు చేరేవాళ్లం.

పడవ అంచు పొడుగునా ఆరు స్టీలు గుంజలు, వాటిని కలుపుతూ రెండు వరసల తీగ ఉండేవి, మనుషులు నీళ్లలో పడకుండా. కానీ మా సీమలో నిలువుగా నాటినది ఏది కనబడినా చెయ్యి దానంతటదే తాడు ముడేస్తుంది. సంతకు పోయే మేకలు, పొట్టేళ్లు ఆ గుంజలకే. గట్టున పడవను లాగి కట్టడానికి ఓబులేసు మామ తాడూ ఆ గుంజకే. గాలికి జరగకుండా అమ్మ గాజుల బుట్టా ఆ గుంజకే. బడిలేని రోజుల్లో అమ్మతో పోయినప్పుడు నేను ఎడమవైపు మూడో గుంజ దగ్గర కూర్చునేదాన్ని. అది ఊగేది. ఊగే పన్నును నాలుకతో కదిపినట్టు దాన్ని అటూ ఇటూ కదుపుతూ, మొదట్లోంచి కిర్రుమంటూ ఊరే గోధుమరంగు నీళ్లను చూస్తూ ఉంటే నాకు పొద్దే తెలిసేది కాదు. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ చోటులో కూర్చోనివ్వరని భయం.

ఆ ఏడు ఆషాఢం గాలి మొదలైన వారానికి, నేను బడిలో ఉండగా, అమ్మ పడవలోంచి పడింది. గాలికి పడవ ఒక పక్కకు ఒరిగింది, పొట్టేళ్లు మీదికి తోసుకొచ్చాయి, అమ్మ లేచి మూడో గుంజకు ఆనుకుంది. గుంజ మొదలంటా బయటికి వాలిపోయింది. అమ్మా, గాజుల బుట్టా రెండూ నీళ్లలోకి. పొట్టేళ్లాయన కొప్పు పట్టుకుని లాగాడు కాబట్టి అమ్మ దక్కింది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ చీర ఇంకా తడిగానే ఉంది, జేజి ఆమె అరికాళ్లకు బూడిద రుద్దుతోంది. “ఇంగ ఆ పడవ ఎక్కను. సచ్చినా ఎక్కను” అంది అమ్మ. శ్రావణం ముందుంది. తొలి శుక్రవారం అవతలి గట్టున రమణమ్మకు సీమంతం. పుట్టినప్పుడు ఆ పిల్ల చేతికి తొలిగాజు తొడిగింది అమ్మే, సీమంతానికీ తనే వచ్చి తొడుగుతానని మాట ఇచ్చి ఉంది. నేను ఆ రాత్రి అన్నం తినలేదు. ఎందుకో ఎవరూ అడగలేదు.

రెండు వారాలకు నాయన సెలవు మీద వచ్చాడు. గల్ఫులో ఆయన పని పాత తెరచాప పడవలు బాగుచేయడమే. పెట్టె విప్పకముందే సంగతంతా విని, మరునాడు పొద్దున సంగటి ముద్ద, ఊరిబిండి టిఫిన్లో కట్టించుకుని, నన్ను సైకిలు మీద ఎక్కించుకుని గట్టుకు బయల్దేరాడు. ఆరు గుంజలనూ ఒక్కొక్కటిగా పట్టి ఊపాడు. మూడోదాని దగ్గర చాలాసేపు కూర్చున్నాడు.

“కొలిమిలో బెట్టి నాలుగు దెబ్బలేస్తే నిలబడ్తాది లేప్పా” అన్నాడు ఓబులేసు మామ.

“వంగిన పైపు సాపు జేస్తే మల్లా వంగినకాన్నే ఇరుగుతాది మామా. ఈసారి నా పెండ్లాం గాదు, నీ పెండ్లాం పడ్తాది.”

ఓబులేసు మామ పొట్ట కూడా నవ్వలేదు.

అసలు జబ్బు గుంజలో లేదు, దాని కింద ఉంది. నాలుగు బోల్టులు విప్పి గుంజను ఊడదీస్తే, పడవలో కాళ్లు మోపే పైతట్టులో ఫైబరు పొరల మధ్య ఉన్న చెక్క నానిన బొరుగుల్లా చేతికి వచ్చింది. మేకలు లాగి లాగి బోల్టు సందు తెరిచాయి, ఆ సందులోంచి ఏళ్ల తరబడి నీళ్లు దిగాయి. అడుగున బోల్టుల లాగుడును పంచుకునే ఆనుడుపలకలు కూడా లేవు, రూపాయి బిళ్లంత వాషర్లు తప్ప. నాయన వంచిన మేకుతో కుళ్లిన చెక్కనంతా గీకి తీశాడు. వారం రోజులు రంధ్రాలను ఎండకు విడిచిపెట్టాడు. ఈలోగా ప్రొద్దుటూరుకు పోయి, మెట్లకు కమ్ములు చేసే షాపులో మందపాటి స్టీలు పైపు కోయించాడు, ఆనుడుపలకలు కోయించాడు. చీనీ తోటల్లో బోర్లలోకి మోటార్లు దించే స్టీలు తీగ పులివెందులలో మంచిది దొరుకుతుందని ఎవరో అంటే అక్కడికీ పోయి చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. సెలవు కరిగిపోతోందని జేజి సణిగితే, “కరగనీ మా. ఆమె ఆనుకునేది నేను నిలబెట్టకుండా పోను” అన్నాడు.

ఎండిన రంధ్రాలను గట్టిపడే మందుతో పూడ్చి, మళ్లీ తొలిచి, గుంజ మొదట్లో, పని సామానుతో పాటు పెట్టెలో తెచ్చుకున్న ఆ గల్ఫు జిగురు పూసి కూర్చోబెట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. పైన బోల్టు తల కదలకూడదు, కదిలితే జిగురు చిరుగుతుంది. కింద నట్టు మాత్రమే తిరగాలి. పైతట్టు కింది అరలోకి ఓబులేసు మామ పొట్ట పట్టదు. అందుకని నేను దూరాను. చీకటి, డీజిలు కంపు, ముక్కులోకి ఎక్కే ఆ జిగురు వాసన. మూడో గుంజ దగ్గర నాలుగో నట్టు బిగిస్తూ నాకు ఏడుపు ఆగలేదు.

“నాయనా, ఇది ఊగేది నాకు తెలుసు. నేనే రోజూ ఊపుతాంటి. ఎవరికీ చెప్పల్యా.”

దెబ్బ పడుతుందనుకున్నాను, పడి ఉంటే బాగుండేదనిపించింది.

“ఇప్పుడు ఊగుతాందా?” అన్నాడు.

పట్టి లాగాను. “ఊగల్యా.”

“ఇంగో అరచుట్టు తిప్పు. చాలు. మిగిలింది జిగురు ఆరినాక రేపు బిగిద్దాం, ఇప్పుడే పిండేస్తే జిగురంతా బయటికొస్తాది.”

ఆ మాట ఆయన అమ్మకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

తొలి శుక్రవారం పొద్దున అమ్మ కొత్త బుట్ట ఎత్తుకుని గట్టుదాకా వచ్చింది. వచ్చి నిలబడిపోయింది. నాయన ఎక్కమనలేదు. ఆయన మూడో గుంజ దగ్గరి తీగ మీదికి ఒళ్లంతా విసిరి వాలాడు, గుంజ కదల్లేదు. అప్పుడూ అమ్మ ఎక్కలేదు. ఇంతలో సంతకు పోయే ముసలాయన ఒకడు మేకతో చక్కా ఎక్కి, అలవాటు చొప్పున, మెరిసిపోతున్న కొత్త గుంజకు తాడు ముడేశాడు. మేము నోరు తెరిచేలోపే అమ్మ చరచరా పడవెక్కి ఆ ముడి విప్పింది.

“ఏందప్పా ఇది? ఇది మేకకు గాదు, మనిషికి” అని తాడు ఆయన చేతిలో పెట్టి, ఖాళీ అయిన గుంజను పిడికిట్లో పట్టుకుని అక్కడే నిలబడింది. అవతలి గట్టు దాకా కూర్చోలేదు. రమణమ్మ రెండు చేతులకూ మోచేతుల దాకా పచ్చగాజులు తొడిగి, ఓళిగలు మూటకట్టించుకుని, సాయంత్రం అదే పడవలో తిరిగి వచ్చింది.

ఇప్పుడా పడవ లేదు. వరసగా వానలు మొహం చాటేసిన ఏళ్లలో బురదలో ఒక పక్కకు పడి ఉండి, ముక్కలుగా కోతకు పోయింది. షామియానా చారల తెరచాప ఎవరి పశువుల కొట్టానికి పరదా అయిందో తెలియదు. పల్లెలకు ఆటోలు వచ్చాయి, గాజులు అట్టపెట్టెల్లో ఇంటికే వస్తున్నాయి, ఆడపిల్ల చెయ్యి నొక్కి కొలత చెప్పే మనిషి కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు. ఓబులేసు మామ పోయాడు. నాయన కూడా పోయాడు.

ప్లంబరు సామాను సర్దుకున్నాక అమ్మను నెమ్మదిగా నడిపించి తీసుకొచ్చాను. ఆమె పిడిని పట్టుకుని గట్టిగా లాగి చూసింది. ఆ లాగడం చూశాక ఇన్నేళ్ల మాట నా నోట్లో ఆగలేదు. “అమ్మా, ఆ పొద్దు పడవలో నువ్వు ఆనుకున్న గుంజ ఊగేది నాకు ముందే తెలుసు. చెప్పల్యా.”

అమ్మ పిడి వదలకుండా నా మొహం చూసింది.

“నీకేంది, నాకూ తెలుసు. నా బుట్ట దానికే గదా కడతాంటి” అంది. “చెప్తే మామ పడవ నిలిపేస్తాడని గమ్మునుంటి.” ఇంకోసారి పిడిని లాగి, “ఇది కొంచెం కదుల్తాంది. పో, ఆయప్పను మల్లా పిల్చుకోనిరా” అంది.