వాడేసిన గాలి

ఈ జూన్‌లో ఒక మధ్యాహ్నం ఫోను తీసి చూస్తే, హైదరాబాదులో పడమటి గాలులు బలంగా వీస్తున్నాయని ఉంది. తలెత్తి చూశాను. గౌలిపురలోని మా ఇంటి పడమటి కిటికీకి వేలాడే పరదా, ఫోటోకి నిలబడ్డ పెళ్లికొడుకులా కదలకుండా ఉంది. ఫోనుది తప్పు కాదు. గాలి వచ్చింది, కాకపోతే పక్కింట్లో దిగింది.

పక్కిల్లు మా పెదనాన్న కొడుకుది. నాకు అన్న. ఆ ఇంటి జాగాలో ఒకప్పుడు బర్రెలు కట్టేసేవారు. వానలకు ముందు పురానాపూల్ వైపు నుంచి గాలి లేచి, బర్రెల వీపుల మీదుగా నేరుగా మా కిటికీలోకి వచ్చేది. పేడ వాసన, తడిగడ్డి వాసన వెంటబెట్టుకుని వచ్చేది కాబట్టి స్వచ్ఛమైన గాలి అనలేను. అయినా దమ్ము జబ్బున్న మా అమ్మకు అదే మందు. ఆమె మంచం ఆ కిటికీ కిందే ఉండేది. చిన్నప్పుడు జ్వరమొస్తే అన్న కూడా ఆ మంచం మీదే, అమ్మ పక్కన పడుకునేవాడు. కాబట్టి ఆ కిటికీ విలువ తెలియని మనిషి అనడానికి వీల్లేదు.

బర్రెలను అమ్మేశాక అన్న అక్కడ ఇల్లు కట్టాలనుకున్నాడు. ముందు అమ్మ దగ్గరికొచ్చి, "నీ గాలి బంద్ గానియ్య చిన్నమ్మా, ఫికర్ వెట్టుకోకు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు సదువుకున్నోనివి. ఈ గాలి కథేందో జర సమజ్ చెయ్‌రా" అన్నాడు. నేను డిగ్రీలో భౌతికశాస్త్రం చదివాను. ఇంట్లో ఎవరైనా దానితో పని పెట్టుకోవడం అదే మొదటిసారి. అగరొత్తి వెలిగించి పాఠం మొదలుపెట్టాను. పొగ ఎటు వాలితే గాలి అటు పోతున్నట్టు. గాలి లోపలికి రావాలంటే ఎదుటి గోడలో బయటికి దారి ఉండాలి. లేకపోతే కూర్చోమని అనని ఇంటికెళ్లిన చుట్టంలా గుమ్మం దగ్గరే తిరిగిపోతుంది. వేడిగాలి పైకి లేస్తుంది కాబట్టి పైన వెంటిలేటరు. సన్నని సందులో దూరితే గాలి జోరందుకుంటుంది. అన్న చాయ మీద చాయ తాగుతూ, ఒక్కసారి కూడా ఫోను చూసుకోకుండా విన్నాడు. అంత మంచి శిష్యుడు నాకు పాఠం చెప్పిన వాళ్లకు కూడా దొరకలేదు.

మరుసటి వేసవికి రెండంతస్తులు లేచాయి. పడమట పెద్ద కిటికీలు, వాటికి సరిగ్గా ఎదురుగా తూర్పున చిన్నవి, పైన వెంటిలేటర్లు. నా పాఠంలో ఒక్క ముక్క వృథా కాలేదు. ఆ తూర్పు గోడకూ మా కిటికీకీ మధ్య మాత్రం మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు మిగిలింది. అడిగితే అన్న నొచ్చుకున్నాడు.

"సందు సన్నగుంటె గాలి జోరుగొస్తదని నువ్వే చెప్తివి గదరా. గందుకే గంతే ఇడిసిన."

ఆ సందు ఉత్తర దక్షిణాలుగా ఉంది. గాలి పడమటి నుంచి వస్తుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు. తన పెద్ద కిటికీలన్నీ పడమటే పెట్టించాడు.

ఇప్పుడు మాకు వచ్చేది అన్న ఇల్లంతా తిరిగి, ఆయన వంటింట్లోంచి బయటపడిన గాలి. అక్కడ తాలింపు వేస్తే ఇక్కడ అమ్మకు దగ్గు. మంచాన్ని ముందుగదిలో ఫ్యాను కిందికి మార్చాను. అయినా జూన్ రాగానే అమ్మ లేచి వెళ్లి, ఆ కిటికీ తెరిచి నిలబడుతుంది. నిన్న దగ్గు ఆగాక, "ఆనింట్ల ఇయ్యాల చాపల పులుసు. మంచిగ తింటున్నడు పోరడు" అంది. నేను కిటికీ మూయబోయాను.

"ఉండనియ్. గాలొచ్చే దినాలు."

కాలాన్ని నేనేమీ అనలేను. ఏటా అదే నెలలో, పాత చిరునామాకే, అది గాలిని పంపుతూనే ఉంది.