అది కొయ్య పేరు కాదు

వీధిలో అందరూ ఆమెను సుత్తమ్మ అనేవారు. తండ్రి దగ్గర చెక్కుడు పని నేర్చుకుని, నలభై ఏళ్ళుగా ఉలి వదలని మనిషి. నోరు కూడా ఉలే. ఎవరైనా తిక్కగా మాట్లాడితే అక్కడికక్కడే చెక్కిపారేసేది. మంచిపనే చేసేది. మెత్తనివాళ్ళను చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా?

కొత్త చర్చికి క్రూసిఫిక్స్, అంటే క్రీస్తు బొమ్మ ఉన్న సిలువ, కావాలని కమిటీ ఛైర్మన్ అడిగితే ఎనిమిది నెలలు కూర్చుని చెక్కింది. క్రీస్తు ఒంటి కొలతల కోసం ఎక్కడా వెతకలేదు. భర్త మంచాన పడ్డ ఏడాదంతా ఆయన ఒళ్ళు తుడిచిన చేతులవి. ఛైర్మన్ గారి రాళ్ళమిల్లులో పాతికేళ్ళు దుమ్ము పీల్చి, ఊపిరితిత్తులు చెడి చనిపోయాడాయన. ఆ ఎముకల గూడే, గుంటలు పడ్డ ఆ మెడే చెక్కలోకి వచ్చాయి. చర్చి గోడ మీదైనా ఆయన నలుగురి కంటా పడాలి. ఆమెకు కావలసింది అదొక్కటే.

సిలువను, బొమ్మను విడివిడిగా చేసి, మేకులు మాత్రం చర్చిలోనే, జనం ముందే కొట్టడం తండ్రి పెట్టిన పద్ధతి. ఆ ఆదివారం ఆమె సుత్తి తీసేసరికి ఛైర్మన్ వచ్చి, బల్ల మీదున్న బొమ్మను ఎగాదిగా చూశాడు.

"మరీ ఇంత బక్కగా చేశావేంటమ్మా? పిల్లలు జడుసుకుంటారు. బొమ్మ వద్దులే, ఉత్త సిలువ పెట్టేద్దాం."

"మరి క్రూసిఫిక్స్ అని ఎందుకడిగారు?"

"ఏదైతే ఏంటి, రెండూ సిలువలేగా!"

సుత్తమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"రెండూ ఒకటి కాదండీ! అది లాటిన్ మాటని పాత ఫాదర్ మా నాన్నకి చెప్పారు. సిలువకి కొట్టేసినవాడు అని దానర్థం. అది కొయ్య పేరు కాదు, మనిషి పేరు. మనిషిని తీసేసి పేరు మాత్రం ఉంచుకుంటారా?"

ఛైర్మన్ నవ్వాడు. ఆమె ఇప్పటి ఫాదర్ వైపు చూస్తే ఆయన బైబిలు పేజీలు తిప్పడం మొదలెట్టాడు. ఏం పెద్దమనుషులో! బతికుండగా మనిషిని పిప్పి చేస్తారు, ఆ పిప్పిని చూడాలంటే మాత్రం వీళ్ళకు భయం.

ఆమె బొమ్మను సిలువ మీద సర్ది, కుడి అరచేతిలో మేకు దించింది. తర్వాత ఎడమ చేతిలో. తర్వాత పాదాల్లో. చివరి దెబ్బ కొట్టి, సంచిలోంచి మేకులు పీకే పట్టకారు తీసి ఛైర్మన్ ముందుకు చాపింది.

"ఈయన మా ఆయన. మీ మిల్లులోనే చేశాడు. వద్దనుకుంటే మీ చేత్తోనే పీకండి."

ఛైర్మన్ పట్టకారు అందుకోలేదు. బొమ్మ ముఖం వైపు కూడా చూడలేదు. వెనక బెంచీల్లోంచి మిల్లు కూలీలు నలుగురు లేచి వచ్చి, ఎవరినీ అడక్కుండా సిలువను ఎత్తి గోడకు తగిలించారు. వాళ్ళలో ఇద్దరు అప్పటికే దగ్గుతున్నారు.