బ్రిడ్జి కోర్సు పరీక్ష రాయని అమ్మాయి

మధ్యాహ్నం నుంచి నా నోటి మీద నాకే కోపంగా ఉంది.

కవిటిలో మా నెట్ సెంటర్‌కి ఈ రోజు మధ్యాహ్నం సముద్రపు ఒడ్డు ఊరి నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఇంటర్ ఒకేషనల్‌లో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివింది, మార్కులు బాగా వచ్చాయి. బీఎస్సీకి దరఖాస్తు పెట్టమంది. మార్కుల మెమోని ఒక ఆసుపత్రి ఫైల్లోంచి తీసింది. అందులో వాళ్ళమ్మ పేరున డయాలసిస్ చీటీలు కట్టగా ఉన్నాయి.

ఒకేషనల్ వాళ్ళు బీఎస్సీలో చేరాలంటే బ్రిడ్జి కోర్సు కూడా పాసవ్వాలి. ఆ మార్కులు అడిగే చోట ఆగిపోయాం. ఆ పరీక్ష ఎందుకు రాయలేదని అడిగాను.

"ఆ రోజు పలాసలో అమ్మకి డయాలసిస్ అక్కా. నాన్న సేపల ఏటకెల్లిపోనాడు. తీసుకెల్లడానికి ఇంకెవులూ నేరు."

బీఏకైతే ఈ గొడవ ఉండదన్నాను. తల అడ్డంగా ఊపింది. నేనేదో పెద్ద తెలిసినదానిలా మళ్ళీ నోరు తెరిచాను.

"పోనీ, వచ్చేసారి రాసేయమ్మా. ఆ రోజు అమ్మకి డయాలసిస్ పడకుండా ఆసుపత్రోళ్ళకి ముందే సెప్పి ఉంచు."

"ఇంక సెప్పక్కర్నేదక్కా. అమ్మ పోయి రెండు నెల్లయింది. ఇప్పుడు ఏ రోజు పెట్టినా రాత్తాను."

చీటీల మధ్యే మెమో జాగ్రత్తగా పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ పిల్లకి ఈ ఏడాది పోకుండా దారేదైనా ఉంటే, తెలిసినవాళ్ళు కామెంట్లో చెప్పండి. బీఏలో చేరమని మాత్రం రాయకండి. ఆ సలహా నేనిచ్చేశాను.