మిలాన్ ఆరో విభాగమూ, నా అధికారమూ

ఆ రోజుల్లో నాకు రాజమండ్రి కంటే మిలాన్ బాగా తెలుసు. తెలుసు అంటే, తెలుసని గట్టిగా నమ్మేదాన్ని. ఇరవై రెండేళ్ళ వయసులో ఆ రెండింటికీ తేడా ఉందని ఎవరు చెప్పినా వినం కదా. డిగ్రీ అవగానే చీరల షాపు మేడ మీద ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం దొరికింది. ఉపగ్రహం తీసిన ఫొటోలు కంప్యూటర్లో పెట్టుకుని, వాటి మీద రోడ్లూ భవనాలూ కాలువలూ గీయాలి. ఇటలీలో ఉన్న మిలాన్ నగరాన్ని పాలన కోసం తొమ్మిది విభాగాలు చేశారట. మా మేనేజరు గారు ఆరోది నాకిచ్చి, "ఇక నుంచి ఇది మీదేనండి" అన్నారు. ఆయన పని గురించి అన్నారు. నేను పట్టాభిషేకం అనుకున్నాను.

నెల తిరిగేసరికి బరోనా, జాంబెల్లినో, లోరెంతెజ్జో అనే పేటల పేర్లు మా వీధి వాళ్ళందరికీ నోటికొచ్చేశాయి (వచ్చేదాకా నేను వదల్లేదు). పెళ్ళి భోజనాల్లో పక్కన కూర్చున్నవాళ్ళకి పప్పు వడ్డించేలోపే అక్కడి కాలువల గురించి చెప్పేసేదాన్ని. "అక్కడ కూడా కాలవలుంటాయా అమ్మా?" అని ఎవరైనా అడిగితే, "రెండున్నాయండి" అని, వాటిని నేనే తవ్వించినట్టు తల ఎగరేసేదాన్ని. ఒకసారి ఏదో సర్టిఫికెట్ కోసం మున్సిపల్ ఆఫీసుకి వెళ్తే గుమస్తా గారు "మీది ఎన్నో వార్డమ్మా?" అనడిగారు. ఆరు అన్నాను. ఆయన రిజిస్టరంతా తిరగేసి, ఆరో వార్డులో మా వీధి లేదన్నారు. మాది ఏ వార్డో నాకు నిజంగానే తెలియదు.

అలాంటి సమయంలో, మా వీధిలో చేపలమ్మే పిన్ని కూతురికి మిలాన్‌లో పని దొరికింది. నర్సింగ్ చదివింది కాబట్టి ఆవిడని నర్సక్క అనేవాళ్ళం. బరోనాలో ఒంటరిగా ఉంటున్న ఒక ముసలావిడని చూసుకోవాలి. బరోనా! నా విభాగం! వీధంతా నా వైపు చూసింది. వెళ్ళేముందు నర్సక్క, "ఫోన్లో మ్యాపు ఉంటది కదే, చూసుకుంటాలే" అంది. నాకు కోపమొచ్చింది. "ఆ మ్యాపులు గీసేదే నేనక్కా. నేనుండగా నీకు మ్యాపెందుకు?" అన్నాను.

ఆవిడ పనిలో చేరే రోజు అక్కడ ఉదయం, మాకు మధ్యాహ్నం. తొమ్మిదిన్నరకల్లా ముసలావిడ ఇంట్లో ఉండాలి. లేకపోతే ఆ పని ఇప్పించిన ఏజెన్సీ వాళ్ళు ఇంకొకరిని పంపేస్తారు. పిన్ని చేపల గంప పక్కింట్లో పెట్టి మా ఇంటికొచ్చి కూర్చుంది. నర్సక్క ఫోన్ చేసింది. "రెండు కాలవలు కలిసే రేవు దగ్గరున్నానే. ఎటు పోవాలి?"

"కాలువ పట్టుకుని ఊరి బయటి వైపు నడువక్కా. ఎడమ ఒడ్డున చర్చి వస్తుంది. అక్కడ ఎడమకి తిరిగితే బరోనాయే." కళ్ళు మూసుకుని చెప్పాను (మూసుకోవాల్సిన అవసరం లేదు గానీ, అలా చెబితే గొప్పగా ఉంటుంది).

పది నిమిషాలకి, "చర్చి రాలేదే" అంది. వస్తుంది, నడువు అన్నాను. ఇంకో పది నిమిషాలకి, "చర్చి లేదు, సరిగ్గా మనుషులూ లేరు. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి" అంది. "నేను రోజూ చూస్తున్నా కదక్కా, అక్కడే ఉంది. నువ్వే సరిగ్గా చూడట్లేదు" అన్నాను.  అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. వీధిలో అందరికీ ఇంజెక్షన్లు పొడిచి ఏడిపించే మనిషి తను ఏడవడం నేనెప్పుడూ వినలేదు. 

పిన్ని నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "ఏడవకమ్మా. ముందు కాలవలోకి చూడు. నీళ్ళు ఎటు పోతన్నాయి?"

"నేను నడిచే వైపేనమ్మా. ఊళ్ళోంచి బయటికి."

పిన్ని నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పిన కాలవలో నీళ్ళు ఎటు పోతాయమ్మాయ్?"

ఆ కాలువ గట్లని నేను వెంట్రుకవాసి తేడా లేకుండా గీశాను. నీళ్ళు ఎటు పోతాయో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఫొటోలో నీళ్ళు కదలవు. మేనేజరు గారిచ్చిన కాగితాలు వెతికితే రెండో పేజీలోనే ఉంది. పెద్ద కాలువ ఊళ్ళోకి నీళ్ళు తెస్తుంది, పావియా అనే ఊరి వైపు పోయే కాలువ బయటికి తీసుకుపోతుంది. చర్చి ఉన్నది పెద్ద కాలువ ఒడ్డున. నర్సక్క నడుస్తున్నది రెండోదాని వెంట. రెండు కాలువలున్న రేవులో నిలబడ్డ మనిషికి "కాలువ పట్టుకుని" అని దారి చెప్పిన నిపుణురాలిని నేను! "నీళ్ళు పోయే వైపు ముఖం పెట్టి నిలబడక్కా. బరోనా నీ కుడిచేతి వైపుంది" అన్నాను. తర్వాత ఇంకా చిన్న గొంతుతో, "ఎందుకైనా మంచిది, మ్యాపు తెరువక్కా" అన్నాను.

ముప్పావుగంట ఆలస్యంగా చేరింది. ముసలావిడ గుమ్మంలోనే నిలబడి ఇటలీ భాషలో ఐదు నిమిషాలు తిట్టి, నర్సక్క వేళ్ళు చూసి, లోపలికి తీసుకెళ్ళి వేడి పాల గిన్నె చేతుల్లో పెట్టిందట. ఏజెన్సీకి ఫోన్ చేసి ఏం చెప్పిందో అర్థం కాలేదు గానీ, ఇంకెవరూ రాలేదట. ఆ మాట విన్నాక పిన్ని లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "కాలవ గీసేటప్పుడు నీళ్ళు కూడా చూసుకోవాలమ్మా" అని, పక్కింట్లో పెట్టిన గంప తెచ్చుకోవడానికి వెళ్ళిపోయింది. మర్నాడు మా ఇంటికి బొచ్చె చేప పంపింది. తింటుంటే గుచ్చుకుంది (ముళ్ళ గురించి కాదు నేను చెబుతున్నది).

ఇప్పుడు నేను బడిలో సోషల్ చెబుతున్నాను. పిల్లలు తెలియనిది అడిగితే, "చూసి చెబుతానమ్మా" అంటాను. నర్సక్క ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ పేటలో ఏ సందు ఎటు పోతుందో ఆవిడే నాకు చెబుతుంది, నేను వింటాను. ఒక్క అడుగు కూడా వేయకుండా మిలాన్‌లో ఆరో విభాగాన్ని ఏలిన ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా కలుగుతుంది. అంత ధీమాగా ఎవరికైనా దారి చెప్పి ఎన్నేళ్ళయిందో!