ఉపగ్రహానికి బొంత కుట్టిన పూట

పోయిన నెల మా కంపెనీకి ఫ్రాన్సు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. అక్కడ ఉపగ్రహాలు తయారుచేసే పెద్ద సంస్థలో ఏదో పదవి. మా పని చూసి, నచ్చితే ఆర్డరు ఇస్తాడట. నేను కుడుతున్న అంచును కళ్ళద్దాలు పైకెత్తి చాలాసేపు చూసి, "మీకు కుట్టడం ఎవరు నేర్పారు?" అని ఇంగ్లీషులో అడిగాడు. "మా నాన్న" అన్నాను. "ఓహో, ఆయన కూడా అంతరిక్ష రంగంలోనే పనిచేశారా?" అన్నాడు. "చేశాడు, ఒక్క పూట" అన్నాను. ఆయన జోకనుకుని పకపకా నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి మా వాళ్ళూ నవ్వారు. మాస్కు వెనకాల నా మొహం మాత్రం కాలిపోయింది. ఇన్నేళ్ళయినా ఆ పూట గుర్తొస్తే నాకు చెవుల దాకా సిగ్గు పాకుతుంది. సిగ్గంటే పెండ్లిచూపుల సిగ్గు కాదు, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియని సిగ్గు.

ఉపగ్రహం అనగానే మనవాళ్ళు ఎవరో ఒక మహానుభావుడు ఒక్కచోట కూర్చుని చేసేస్తాడనుకుంటారు. కాదండీ. అది పెండ్లి లాంటి వ్యవహారం. పందిరి ఒకరిది, వంట ఒకరిది, మేళం ఇంకొకరిది. చట్రం ఒక దేశంలో తయారైతే సోలార్ పలకలు ఇంకో దేశం నుంచి వస్తాయి. బ్యాటరీలు ఒక కంపెనీవి, పైకి వెళ్ళాక దారి సరిచేసే బుల్లి ఇంజన్లు మరో కంపెనీవి. అన్నిటినీ కలిపి బిగించి, ఊపి, కాల్చి, గడ్డకట్టించి పరీక్షించేవాళ్ళు వేరే. ఇంత సంబరంలో మా వాటాకు వచ్చింది బట్టలు. టీవీలో చూపించినప్పుడు ఉపగ్రహానికి బంగారు రేకు చుట్టినట్టు ఉంటుంది చూడండి, అది బంగారమూ కాదు, రేకూ కాదు. ఉల్లిపొర కంటే పల్చని ప్లాస్టిక్ పొరలు, వాటికి అల్యూమినియం పూత, పొరకూ పొరకూ నడుమ సన్నటి జాలీ గుడ్డ. ఎండ తగిలేవైపు మాడిపోతుంది, నీడవైపు గడ్డకట్టుకుపోతుంది. ఈ రెంటి నడుమ లోపలి సామాను బతికి బట్టకట్టాలంటే పైన ఈ పొరలుండాలి. ఎన్ని మిషన్లున్న కంపెనీ అయినా సరే, మూలలూ వంపులూ వచ్చేసరికి సూది పట్టిన చెయ్యి కావలసిందే. దీన్ని మేం బ్లాంకెట్ అంటాం. మొదటిసారి ఇదంతా మా నాన్నకు, అదే మా బాపుకు, గొప్పగా వివరించి చెబితే, ఓపిగ్గా విని, "బొంతనా? గింతసేపు చెప్పినవ్, బొంతనేనా?" అన్నాడు.

బాపుది సిద్దిపేటలో పాత బస్టాండు వెనక గల్లీలో టైలరు దుకాణం. అందరూ మాస్టర్ అనేవాళ్ళు. చొక్కా కాలరు మీద ఆయనకున్న పట్టింపు నా చదువు మీద కూడా ఉండేది కాదు. నాకు సూదిలో దారం ఎక్కించడం వచ్చాకే అక్షరాలు వచ్చాయి. ఆయనకు మాట తొందర, చెయ్యి నిదానం, నవ్వు పెద్దది. తెలంగాణ ఉద్యమం వచ్చాక ఆ మూడింటికీ కొత్త పని దొరికింది. దీక్షా శిబిరానికి బ్యానర్లు ఆయనే కుట్టేవాడు, కండువాలు ఆయనే కుట్టేవాడు, రోడ్డు మీద వంటావార్పు అంటే అందరికంటే ముందే పొయ్యి దగ్గర కూర్చునేవాడు. ఇంట్లో ఏనాడూ చెంబెడు నీళ్ళు కాచి ఎరుగడు. అమ్మ ఆ సంగతి అందరి ముందూ అనేది, ఆయన వినబడనట్టు "జై తెలంగాణ" అనేవాడు.

సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులు లేవు. జీతాలు లేవు కాబట్టి దసరాకు కొత్త బట్టలూ లేవు. దసరా అంటే టైలరుకు తిండికి కూడా తీరిక ఉండని రోజులు. ఆ ఏడు బాపు మిషను మీద గుడ్డ కప్పి ఉంది. పండుగ ముందర ఊరికి పోయినప్పుడు, దుకాణంలో గుడ్డ కప్పిన మిషన్ను చూస్తే నాకు ఏదోలా అనిపించింది. బాపు మాత్రం, ఉద్యమం కోసం కదా, దాని గురించి మాట్లాడటమే తప్పు అన్నట్టుండేవాడు.

హైదరాబాద్‌లో మా కంపెనీకి ఇంకో రకం ఇబ్బంది. కుట్టే అమ్మాయిల్లో సగం మంది ఊళ్ళ నుంచి బస్సుల్లో వచ్చేవాళ్ళు, వాళ్ళు రాలేకపోయారు. బ్లాంకెట్లు పంపే గడువు ముంచుకొచ్చింది. రాకెట్టు ఎవరి కోసమూ ఆగదు. మా సూపర్‌వైజర్ మేడం, "మీకు తెలిసిన చెయ్యి తిరిగిన కుట్టుపనివాళ్ళుంటే పిలవండి. పని నచ్చితే పర్మనెంటు కూడా చేస్తారు" అన్నది. "మా ఊర్లో ఒక మాస్టర్ ఉన్నాడు మేడం" అన్నాను. మా బాపు అని మాత్రం చెప్పలేదు. రక్తసంబంధీకులు ఒకే సెక్షన్లో ఉండకూడదని రూలు. ఫోనులో ఈ సంగతి చెబితే బాపు నవ్వాడు. "ఊరాయన్ని అని చెప్పు బిడ్డా. అండ్ల అబద్ధమేమున్నది? నేను నీ ఊరాయన్నే గద."

శిబిరంలో దీనిమీద పెద్ద పంచాయితే నడిచిందట. చాయ్ హోటల్ నడిపే బాపు దోస్తు, "సమ్మె నడుస్తుంటే పనికి పోవుడేందే మాస్టర్, నలుగురు నవ్వరా?" అన్నాడట. దానికి బాపు, "సమ్మె జేసినోళ్ళ జాగల కూసుంటలేను. బస్సుల్లేక ఆడివిల్లలు రాకపాయె. మా కొలువులు మాకే అని పొద్దుమాపు ఒర్రుతున్నం. గిప్పుడు పిలిచి కొలువు ఇస్తమంటే ఇంట్ల పండాల్నా?" అన్నాడట. అంతే, శిబిరం మొత్తం బాపు వైపు తిరిగిపోయింది. బొట్టు పెట్టారు, మెడలో దండ వేశారు, "మన సిద్దిపేట సూది సుక్కలల్లకు పోతున్నది" అని మైకులో చెప్పారు. అద్దెకు దొరికిన జీపులో సామాను మధ్య ఇరుక్కుని, దండ నలగకుండా చేత్తో పైకి పట్టుకుని వచ్చాడు. నా గది ముందు దిగుతూనే అన్న మాట, "గాడ అందరు ఆశ పెట్టుకున్నరు బిడ్డా, జర దగ్గరుండి చూపియ్యి."

మర్నాడు పొద్దున తలకు రెండుసార్లు స్నానం చేయించాను, నూనె వాసన ఉండకూడదని. బొట్టు తుడుచుకున్నాడు, మణికట్టుకున్న దర్గా దారం విప్పి జేబులో పెట్టుకున్నాడు. తెల్లటి ముసుగు బట్టలు, టోపీ, మాస్కు, చేతులకు తొడుగులు వేసుకుని అద్దంలో చూసుకుని, "బొంత కుట్టపోతే నాకే బొంత తొడిగిన్రు గదనే" అన్నాడు. లోపల ఎందుకింత శుభ్రమో వివరించాను. చేతి జిడ్డు, ఉమ్ము, పౌడరు, పసుపు, ఏది అంటుకున్నా పైకి వెళ్ళాక ఆవిరై, తిరిగి తిరిగి ఉపగ్రహం కెమెరా అద్దం మీద కూర్చుంటుంది. ఇక కెమెరా గుడ్డిదవుతుంది. "సమజైంది" అన్నాడు. సమజైంది కూడా. వృథా ముక్కల మీద ముందు కుట్టించారు. కుట్టు బిగిస్తే పొరలు అణిగిపోయి వేడి ఆగదు, వదులైతే జారతాయి. ఆ మధ్యరకం పట్టు బాపుకు తొందరగానే దొరికింది. మేడం నావైపు చూసి తలూపింది. అబ్బ, ఆ తలూపుడుకు నేను ఎంత పొంగిపోయానో! మధ్యాహ్నం భోజనాల ముందు, అసలు బ్లాంకెట్ మీద ఒక మూల మిగిలి ఉంటే, మేడం ఆ మూల బాపుకు ఇచ్చింది.

మూల చక్కగా వచ్చింది. చివరి ముడి వేశాడు. కత్తెర పక్క ట్రేలోనే ఉంది. కానీ అది దర్జీ ఒళ్ళు. జీవితమంతా ముడి వేసిన చెయ్యి కిందికి, తల పైనుంచి, మధ్యలో పన్ను. బాపు ఎడమచేత్తో మాస్కు కిందికి లాగి, వంగి, దారాన్ని పంటికింద పెట్టాడు. మా దారం మామూలు దారం కాదు, ఒక పట్టాన తెగదు. తెగకపోయేసరికి మనిషికి పౌరుషం వచ్చింది. తల అటొకసారి ఇటొకసారి తిప్పి, బంగారు రంగు పొర మీద గడ్డం ఆనించి మరీ కొరికాడు. నేను ఎదురు బల్ల దగ్గర ఉన్నాను. "బాపూ" అని అరవబోయి, ఆ మాట అనకూడదు కదా అని మింగాను. ఆ మింగిన క్షణంలోనే దారం టప్పున తెగింది.

మేడం కేక వేసింది. అందరి చేతులూ ఆగాయి. అద్దాల గోడ అవతల నుంచి మా మేనేజరు సారు చూసి, తొడుగులు తొడుక్కుని లోపలికి వచ్చాడు. పొర మీద తడి మరక, పక్కన తెల్లగా గడ్డం వెంట్రుక ఒకటి. సారు దాన్ని చూసి, బాపును చూసి, గొంతు పెంచకుండానే అన్నాడు. "దీనికేనా మీకు ఉద్యోగాలు కావాలని రోడ్ల మీద కూర్చుంటున్నారు?"

నిజం చెబుతున్నా, ఆ మాట కంటే ముందు, బాపు అట్లా నోట్లో దారం ముక్కతో నిలబడ్డప్పుడే నాకు సిగ్గేసింది. అమ్మాయిలందరూ చూస్తున్నారు, కన్నతండ్రిని చూసి తల దించుకున్నాను. ఆ వెంటనే సారు మాట పడింది. అప్పుడు పుట్టిన సిగ్గు వేరు, అది నా మీద నాకు. అది కోపంలా లేచింది. "సార్, ఆయన మా బాపు" అన్నాను. గట్టిగానే అన్నాను. రూలూ గుర్తు లేదు, నౌకరీ గుర్తు లేదు.

సారు నావైపు తిరిగేలోపే బాపు నవ్వాడు. అదే పెద్ద నవ్వు. "కాదు సార్. మా గల్లీ పిల్ల. మంచిది, పాపం. నన్ను తిడుతున్నరని ఆమెకు పాణం ఒప్పుతలేదు, గందుకే అట్లంటున్నది. ఆమెకేం తెల్వదు, నేనే బతిమాలి వచ్చిన." ఆ మాట అంటూ నావైపు చూడనైనా చూడలేదు. నేను మళ్ళీ నోరు తెరవలేకపోయాను. సారు మా ఇద్దరినీ ఒకసారి చూసి, "బయటికి పంపండి" అని వెళ్ళిపోయాడు. ఆ పొరలు తీసేసి కొత్తవి వేసి ఆ మూల నేనే మళ్ళీ కుట్టాను. కళ్ళలో నీళ్ళు పడితే అదీ మరకే కాబట్టి ఏడవడానికి కూడా లేకపోయింది.

సాయంత్రం గేటు బయట చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. "ఎందుకట్ల చెప్పినవ్ బాపూ?" అంటే, "ఇద్దరి నౌకరి ఒక్కసారే పోవాల్నా?" అన్నాడు. తర్వాత నేలకేసి చూస్తూ, "నా పండ్లతోని తెలంగాణ ఇజ్జత్ తీసిన బిడ్డా" అన్నాడు. నవ్వించడానికి అన్నాడేమో అనుకుని మొహం చూశాను. నవ్వు లేదు.

సిద్దిపేటలో ఏం దాచలేదట. శిబిరంలో మైకు తీసుకుని జరిగిందంతా చెప్పాడని, ఎట్లా కొరికాడో చేసి చూపించాడని, జనం పడీ పడీ నవ్వారని చాయ్ హోటల్ కాక చెప్పాడు. అందరి కంటే గట్టిగా తనే నవ్వాడట. కానీ ఆనాటి నుంచి ముందు వరసలో కూర్చోవడం మానేశాడట. ఇంట్లో అమ్మ ఇంకోటి గమనించింది. గుండీ కుట్టినా సరే, బాపు పంటితో దారం కొరకడం లేదు. కత్తెర అందుబాటులో లేకపోతే పని ఆపి, లేచి, వెళ్ళి తెచ్చుకునేవాడు. "ఏందయ్యా గిది కొత్తగ?" అని అమ్మ అడిగితే, "పండ్లు కదులుతున్నయి" అన్నాడట. ఆయన పండ్లు చెరుకుగడ నమిలేంత గట్టివి.

తర్వాత బాపు నెలకో రెండు నెలలకో వచ్చేవాడు, అమ్మ చేసిన సర్వపిండి డబ్బా పట్టుకుని. గేటు దాటి లోపలికి వచ్చేవాడు కాదు. గేటు దగ్గర దౌల్తాబాద్ నుంచి వచ్చిన ఒక ముసలాయన కాపలా ఉండేవాడు, మేమంతా చాచా అనేవాళ్ళం. "ఎవరు కావాలె? ఏమైతది మీకు?" అని చాచా అడిగితే బాపు జవాబు ఎప్పుడూ ఒకటే, "మా గల్లీ పిల్ల." తెలంగాణ వచ్చిన రోజు మిఠాయి డబ్బాతో వచ్చాడు. చాచాను గట్టిగా అలుముకున్నాడు, దారిన పోయేవాళ్ళకు కూడా పంచాడు, మొహం గులాల్‌తో ఎర్రగా ఉంది. నేను బయటికి రాగానే నా నోట్లో లడ్డూ పెడుతూ చాచాతో అన్నాడు, "మా గల్లీ పిల్ల. మంచి పనిమంతురాలు." అప్పటికి ఆ మేనేజరు కంపెనీ వదిలిపోయి చాలాకాలమైంది. "ఇంకేం భయం బాపూ, కూతురని చెప్పరాదా" అంటే, "అలవాటైంది తియ్యి" అన్నాడు. నేనైనా చాచాతో చెప్పొచ్చు. నోరు రాలేదు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగితే ఏం చెప్పను? ఒక్కరోజు ఆలస్యం చేసిన మాట, ఆ తర్వాత రోజురోజుకూ బరువెక్కుతుంది.

కొన్నేళ్ళకు బాపు జ్వరమని దవాఖానలో చేరి తిరిగి రాలేదు. దినాలయ్యాక డ్యూటీకి వస్తే చాచా గేటు తీస్తూ, "మీ ఊరాయన వస్తలేడేంది బేటా ఈ నడుమ?" అన్నాడు. ఇక ఆగలేక, "ఆయన ఊరాయన కాదు చాచా, మా బాపు. పోయిండు" అన్నాను. చాచా నా తల మీద చెయ్యి పెట్టి, "మాలూం బేటా" అన్నాడు. "నీ ముక్కు, ఆయన ముక్కు ఒక్కటే అచ్చు గద. గల్లీ పిల్ల అనుకుంట, నువ్వు లోపలికి పోయేదాంక గీడనే నిలబడి చూస్తుండె. ఊరోళ్ళు గట్ల చూస్తరా? ఆయన దాస్తుంటే నేనెందుకు బయటపెట్టాలె అని ఊకున్న."

రాష్ట్రం కోసం అరవై ఏళ్ళు ఎదురుచూశామని మా బాపు గొప్పగా చెప్పుకునేవాడు. "ఆయన మా బాపు" అన్న మాట రెండోసారి అనడానికి నేను మాత్రం ఆయన పోయేదాకా ఆగాను.