గురప్ప కొట్టిన పళ్ళెం

గురప్ప గురించి మా ఊళ్ళో ఎవర్నడిగినా ఇప్పుడు ఒకటే మాట: కాపలా పెడితే నిద్రపోయాడని. అది పచ్చి అబద్ధం. ఆ అబద్ధం పుట్టించినవాడెవడో నాకు బాగా తెలుసు. రోజూ అద్దం ముందు నిలబడి వాడి మొహానికే గడ్డం గీస్తున్నాను.

గురప్ప కష్టజీవి. ఇరవై ఏళ్ళు తెల్లారకముందే కుప్పంలో రైలెక్కి బెంగళూరు పోయి, అక్కడ మేడల మీదికి ఇటుకలు మోసి, పొద్దుగూకాక మళ్ళీ రైల్లోనే వచ్చేవాడు. ఒంట్లో సత్తువ తగ్గాక ఆ పని మానేసి, అడవి అంచున ఉన్న ఎకరా చేలో రాగులు వేసుకున్నాడు. నోరు మాత్రం ఊరుకోదు. ఎవరు దొరికినా ఏడిపించి, నవ్వించి గానీ వదలడు.

మా కుప్పం పక్క ఏనుగుల బాధ ఉంది. రాగి వెన్ను పాలు పట్టిందంటే చాలు, దిగిపోతాయి. అందుకే చేలల్లో మంచెలు కట్టుకుని సాయంత్రమయ్యేసరికి ఎక్కి కూర్చుంటాం. ఒక్కొక్కరి దగ్గర ఒక పాత పళ్ళెం, ఒక కట్టె ఉంటాయి. ఏనుగు కనబడినవాడు కొడతాడు. విన్న పక్క మంచెవాడు వెంటనే మారు కొట్టాలి. 'విన్నాను, నువ్వు దిగొద్దు, అందరికీ అందిస్తాను' అని దానర్థం. అలా మోత మంచె మంచెకీ అంది ఊరు చేరుతుంది. మారు రాకపోతే మొదటివాడు దిగి, పక్క మంచె దాకా నడిచి చెప్పాలి. గురప్పది చిట్టచివరి మంచె. మిగతా మంచెలకు గుట్ట అడ్డం కాబట్టి అతని మోత నా ఒక్కడికే వినబడుతుంది.

పోయిన కార్తీకంలో టీ అంగడి దగ్గర పదిమందిలో నన్ను పట్టుకున్నాడు. "ఏమప్పా వెంకటేశులూ, నీ చెవుల్లో రాగులు మొలిసినాయా? నిన్న నేను కొడితే అరగంటకి మారు కొడతివి!" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ముందురోజు వచ్చింది పందులు! పందికి కూడా ఏనుగంత మోత మోగించే మనిషా నన్ననేది?

మూడోనాడు పొద్దుగూకే వేళ అతని పళ్ళెం మోగింది. విన్నాను. 'కొట్టుకో నాయనా, చేతులు పడిపోయేదాకా కొట్టుకో' అనుకుని, వక్క నములుతూ కూర్చున్నాను. కాసేపటికి మోత ఆగింది. పందులు పోయినట్టున్నాయిలే అనుకున్నాను. ఛీ, ఏం బతుకు నాది! మారు రాలేదని అతను మంచె దిగి, నా దగ్గరికే నడిచి వస్తుంటాడని తట్టనే లేదు. దారిలో ఒంటి ఏనుగు తొండంతో ఒక్క తోపు తోసి అతన్ని కాలవలో పడేసింది. ఎడమ తొడ విరిగింది. ఆ ఏనుగు మరో నలుగురి చేలు తొక్కి మరీ పోయింది.

మర్నాడు చేలు పోయినవాళ్ళంతా నన్ను చుట్టుముట్టారు.

"పళ్ళెం ఇనబడిందా?"

"నాకేం ఇనబడలేదు" అన్నాను. అంత తేలిగ్గా వచ్చేసింది నోట్లోంచి. నేను వినలేదంటే గురప్ప నిద్రపోయి కొట్టనట్టేనని వాళ్ళు తేల్చేశారు. కాపలా వంతు నుంచి అతన్ని తీసేశారు. పలకరించడం కూడా మానేశారు.

పుత్తూరు కట్టు కట్టించుకుని రెండు నెలలు మంచంలోనే ఉన్నాడు. నేను చూడ్డానికి పోలేదు, మొహం చెల్లక. చివరికి మొన్న ఆదివారం నాలుగు అరటిపండ్లు పట్టుకుని పోయాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"రాప్పా, కూసో" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నిన్నొకటి అడగల్ల. ఆ పొద్దు నేను పళ్ళెం కొట్టినాననే అనుకుంటాండాను. నిజంగా కొట్టినానంటావా?" అన్నాడు.

చేతిలోని అరటిపండ్లు మంచం మీద పెట్టాను.

అతని భార్య తులసమ్మ పక్కనే కూర్చుని రాగులు చెరుగుతోంది. "రోజూ ఇదే వరస అన్నా. పళ్ళెం కొడితే మోగకుండా యాడికి పోతాదంటే ఇనడు" అంది.

"మోగింటే ఎవురికన్నా ఇనబడల్ల గదమ్మే? ఎవురూ ఇనని మోత యాడన్నా ఉంటాదా? ఏనుగును సూసి బెదిరిపోయి, కొట్టినట్టు కలగన్నానేమో. ఊరోళ్ళు చెప్పేదే నిజమేమో." అందర్నీ నవ్వించే మనిషి కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. "నా వల్ల నలుగురి కూడు పాయనే" అన్నాడు.

ఇక ఆగలేకపోయాను.

"నేను ఇన్నా గురప్పా."

"ఏందీ?"

"మూడేసి దెబ్బల లెక్కన ఐదు తూర్లు కొట్టినావు. కడాకు కట్టె జారినట్టుండాది, రెండే మోగినాయి."

"ఐదా! నాకు నాలుగే గుర్తుండాయి!" అంటూ మంచం మీద లేచి కూర్చోబోయాడు. నొప్పికి మూలిగి కూడా నవ్వాడు. "తులసమ్మా, ఇన్నావా, నేను కొట్టినానంట! ఐదు తూర్లంట! కట్టె జారింది, నిజమేప్పా, జారింది!" నా రెండు చేతులూ పట్టుకుని ఊపేస్తున్నాడు. "సల్లగుండప్పా. నా పాలిట దేవుడివి" అంటున్నాడు.

తులసమ్మ చేట కింద పెట్టి నా వైపు చూసింది.

"ఐదు తూర్లూ లెక్కబెట్టుకుంటా కూసోనుంటివా అన్నా?"